మూట ఎక్కడ కట్టాలి

కోరింగ దాటి పడవ మడలోకి మలుపు తిరగ్గానే
మల్లాడి కాసులమ్మ నా సంచి విప్పించింది.
గుడారం, టార్చిలైటు, దోమల మందు,
హాస్టలు మెస్సువాళ్లు కట్టిచ్చిన పులిహోర,
నీటికుక్కల లెక్క రాసే అట్టల పుస్తకం.
అన్నీ వదిలేసి సబ్బు తీసి వాసన చూసింది.
"నక్కలు తింటాయండి దీన్ని, ఆయ్.
జిడ్డు వదల్చుకోడానికి మీకు,
జిడ్డు కోసమే వాటికి."

కొండలెక్కేవాళ్లు, ఎక్కడో చదివాను,
తిండి మూటని ఎత్తైన కొమ్మకి వేలాడదీస్తారట
ఎలుగుబంటికి అందకుండా.
ఇక్కడ కొండ లేదు. ఎలుగుబంటి లేదు.
ఉన్న చెట్టు నా భుజాల దాకా,
దాని కింది నేల ఆరు గంటలు నేల,
ఆరు గంటలు సముద్రం.
కింద పెడితే పోటు పట్టుకుపోతుంది,
పైన పెడితే బావురుపిల్లి.

తెడ్డొకటి, గడకర్రలు రెండు
బురదలో గుచ్చి తలలు కలిపింది.
వాటి నడుమ తాడు,
తాడు మధ్యలో బోర్లించిన కొబ్బరిచిప్ప,
ఎలక దిగితే చిప్ప మీంచి జారి ఎండ్రకాయల మధ్య పడాలి.
చిప్ప కింద బిస్కెట్ల డబ్బా:
బియ్యం, ఉప్పుచేప, అగ్గిపెట్టె, నా సబ్బు.
డబ్బా మూతికి వలతాడుతో ముడి.
"పీతల బుట్టకి మా అత్త వేసేదండి ఇది,
లాగేకొద్దీ బిగుసుద్ది."
నేను చూస్తుండగానే వేసింది.
ఎలా వేసిందో చూడలేకపోయాను.

వండింది ఒక దిబ్బ మీద,
పడక ఇంకో దిబ్బ మీద.
తిన్నాక మోచేతుల దాకా బురద రుద్దించింది,
"మన వాసనే కదండీ వాటికి కబురు" అంటూ.
రుద్దాను. కానీ అంతకు ముందే,
చేప తిన్న వేళ్లతోనే,
పద్నాలుగు అని పుస్తకంలో రాసుకున్నాను,
మరిచిపోతానేమోనని.

రాత్రి పోటెక్కింది.
కొయ్యంగలు ఎగిరి నీళ్లమీద చరుస్తున్నాయి.
గడకర్రల దగ్గర డబ్బా ఒకసారి కొట్టుకుంది,
ఆగింది,
మళ్లీ కొట్టుకుంది.
నేను టార్చి వెతుకుతుంటే
చీకట్లోంచి కాసులమ్మ గొంతు:
"లాగనీండి. దాని తిప్పలు అది పడుద్ది."
అంతే, గురక.
నేను మాత్రం పుస్తకాన్ని తలకింద పెట్టుకున్నాను.
అన్నిటికన్నా భద్రమైన చోటు
నా తలకాయే అనుకున్నాను.

తెల్లారి చూస్తే బియ్యం ఉంది.
ఉప్పుచేప ఉంది. సబ్బు ఉంది,
డబ్బా మూత మీద గోళ్ల గీతలు తప్ప
ఏ నష్టమూ లేదు.
పుస్తకం లేదు.

గుడారం అంచు కింద తడి ఇసకలో
గుండ్రటి అడుగులు, నాలుగేసి వేళ్లు,
గోరు ముద్ర లేదు.
లోపలికి వచ్చినవి, నా చెవి దాకా.
తిరిగి వెళ్లినవి, తొందరేమీ లేకుండా.
కాసులమ్మ నడుం మీద చెయ్యేసుకుని
అడుగుల్నీ నా చెవినీ చూసింది,
చాలాసేపు నవ్వింది.
"లెక్కకొచ్చారు కదండీ,
మిమ్మల్ని కూడా లెక్కేసుకుని పోయింది."

నలభై అడుగుల అవతల దొరికింది,
తెల్లమడ ఊడల మధ్య ఇరుక్కుని.
అట్ట మూల నమిలి ఉంది.
పద్నాలుగు రాసిన పుట పూర్తిగా లేదు.
పక్క పుటలో, ఏప్రిల్ నెల దగ్గర,
రెండు కోరల చిల్లులు,
వాటిలోంచి మే నెల కనిపిస్తోంది.

కొత్త పుట తీసి గుర్తున్నంత వరకు రాశాను.
నీటికుక్కలు: పద్నాలుగు, బహుశా.
ఇతర జంతువులు: బావురుపిల్లి, ఒకటి.
కనిపించిందా, వినిపించిందా అని అడిగే గడి ఉంటుంది,
రెండూ కొట్టేశాను.
ఎంత దూరం అనే గడి ఉంటుంది.
మూడేళ్లుగా అందులో మీటర్లే రాస్తున్నాను,
యాభై, నూట ఇరవై, అందాజుగా రెండొందలు.
జానెడు, అని రాశాను.

అప్పటికే కాసులమ్మ డబ్బా ముడి విప్పేసి
టీకి నీళ్లు పెడుతోంది.
ఎలా విప్పిందో ఈసారీ చూడలేదు.
"సబ్బు కావాలాండీ?" అని అడిగింది.
"పాటు తీస్తంది. పడవ బురదలో కూర్చోకముందే
బేగి కానివ్వండి."